దేశదేశముల గ్రంథాలయ పద్ధతులు



గ్రంథాలయమనగా పుస్తకములుంచిన ఇల్లు అని మనము సామాన్యముగా తలంతుము. అట్టి ఇండ్లు ప్రాచీనకాలమునుండియు కలవు. రాజుల కోటలలోను, మఠములలోను, పండితుల అటకలమీదను తాళపత్ర గ్రంథములు కట్టలు కట్టలుగా ఉండెడివి. కాని ఒకరి ఇంట గాదె నిండుగా ఉన్నంత మాత్రమున ఊరి ఆకలి తీరదు గదా! ఊరివారిలో ఎవ్వరు వచ్చి అడిగినను, కులము, ధనము, హోదా విచారింపక పుస్తకమును చేతికిచ్చు ఏర్పాటు ఎచ్చట కలదో అచ్చటనే గ్రంథాలయము కలదని నేటి లోకము నమ్ముచున్నది. ఆ ఏర్పాటు ఒక్కొక్క దేశమున ఒక్కొక్క విధముగా నడచుచున్నది. ఆ విధములను మీకు మనవి చేసి, వానిలో మన ఊళ్లకు పనికివచ్చునది ఏదో యోచించుటయే నేటి నా ప్రసంగము.

ఏ దేశపు గ్రంథాలయమునుగూర్చి తెలిసికొనవలెనన్నను నాలుగు ప్రశ్నలు వేసికొనిన చాలును. దాని ఖర్చు భరించువారెవ్వరు? దానిపై పెత్తనము ఎవ్వరిది? పుస్తకము చదువరి చేతికి ఎట్లు చేరును? దాని తలుపు ఎవ్వరికి తెరచియున్నది? ఈ నాల్గింటికిని మంచి జవాబు చెప్పగల గ్రంథాలయము నిలుచును. ఒక్కదానికి చెప్పలేకపోయినను కొంతకాలమునకు దాని తలుపునకు తాళము పడును.

మొదట ఖర్చు మాట చూతము. ఇంగ్లండు దేశమున విలియం ఎవార్టు అను సభ్యుని పట్టుదలవలన 1850వ సంవత్సరమున పార్లమెంటు గ్రంథాలయ చట్టము చేసెను. పదివేల జనసంఖ్య దాటిన పట్టణములు, పన్ను చెల్లించువారు సమ్మతించిన యెడల, పౌనుకు అరపెన్నీ చొప్పున గ్రంథాలయపు పన్ను వేసికొనవచ్చునని దాని సారాంశము. వింత యేమనగా, ఆ సొమ్ముతో ఇల్లు కట్టవచ్చును, ఉద్యోగికి జీతమీయవచ్చును, పుస్తకములు మాత్రము కొనరాదు! పుస్తకములను దాతలే ఇత్తురని వారి ఊహ. ఆ లోపమును 1855లో సవరించి, పన్నును ఒక పెన్నీ వరకు పెంచిరి. ఆనాటి లెక్కకు పౌనులో 240 పెన్నీలు. అంత స్వల్పమైన పన్నునకును ఎదురాడినవారు లేకపోలేదు. కూలివాడు చదువ మొదలిడిన యెడల మాట వినడని భయపడిన పెద్దమనుష్యులు ఆ దేశమునను ఉండిరి. ఆ పెన్నీ పరిమితి 1919 వరకు తొలగలేదు. తరువాత 1964లో చేసిన చట్టము, గ్రంథాలయము నడపుట స్థానిక ప్రభుత్వముల దయాధర్మము కాదు, వాని విధి అని శాసించెను.

అమెరికా సంయుక్త రాష్ట్రములలో న్యూ హాంప్‌షైరునందలి పీటర్‌బరో అను చిన్న ఊరు 1833లోనే పన్నుల సొమ్ముతో ఉచిత గ్రంథాలయమును నెలకొల్పుకొన్నది. పిమ్మట ఆ దేశమున ఆండ్రూ కార్నెగీ అను ఉక్కు వ్యాపారి బయలుదేరెను. ఆయన స్కాట్లండు దేశమున ఒక పేద సాలెవాని కొడుకు. బాల్యముననే అమెరికా చేరి కోట్లు గడించి, 1883 మొదలుకొని ఆ దేశమునను ఇతర దేశములందును 2,509 గ్రంథాలయ భవనములకు ధనమిచ్చెను. ఆయన దానమునకంటె ఆయన విధించిన నిబంధనయే గొప్పదని నా తలంపు. ఊరివారు స్థలము చూపవలెను. భవనమునకైన ఖర్చులో పదవవంతును ఏటేట పన్నులనుండి తీసి గ్రంథాలయమునకు ఖర్చు చేయుదుమని ముందుగా మాట ఇయ్యవలెను. అట్లు మాట ఇయ్యని ఊరికి ఆయన సామాన్యముగా పైసా ఇయ్యలేదు. గుడి కట్టించినవాడు ధూపదీప నైవేద్యములకు మాన్యము ఏర్పరచనిచో గుడి ఏమగునో మన పల్లెల పెద్దలకు వేరుగ చెప్పనక్కఱలేదు.

మన దేశముననే బరోడా సంస్థానాధిపతి మూడవ సయాజీరావు గాయక్వాడు ఈ సూక్ష్మమును గ్రహించెను. ఆయన 1910లో అమెరికానుండి బోర్డెను అను గ్రంథాలయ నిపుణుని రప్పించి, సంస్థానమంతట గ్రంథాలయములను వ్యాపింపజేసెను. గ్రామస్థులు కొంత సొమ్ము పోగుచేసిన యెడల, అంతే సొమ్మును జిల్లా పంచాయతియు, అంతే సొమ్మును సంస్థానమును కలుపుట అచ్చటి పద్ధతి. మూడింట ఒకపాలు ఊరిది కనుక ఊరికి అభిమానము; రెండు పాళ్లు బయటనుండి వచ్చును కనుక ఊరికి భారము లేదు.

ఇక పెత్తనము మాట. అమెరికాలో ఒహాయో, మిషిగను వంటి రాష్ట్రములలో గ్రంథాలయపు పన్ను ఉండవలెనా, పెరుగవలెనా అను సంగతిని పలుచోట్ల ప్రజలే ఓటువేసి తేల్చుకొందురు. మన పొరుగున కేరళదేశమున పి. ఎన్. పణిక్కరు గారు 1945లో ఊరూర గ్రంథాలయములను ఒక సంఘముగా కూర్చిరి. 1989లో చేసిన చట్టము ననుసరించి అచ్చటి గ్రామ గ్రంథాలయములను నేటికిని ఊరి సభ్యులు ఎన్నుకొన్న సంఘములే నడపుచున్నవి. ప్రభుత్వము సాయధనము ఇచ్చును, లెక్కలు చూచును. తాళపుచెవి మాత్రము ఊరిదే. ఇంగ్లండులో దీనికి భిన్నమైన కథ జరిగినది. 2010 తరువాత స్థానిక ప్రభుత్వములకు ధనము కరవై వందలకొలది గ్రంథాలయములు మూతపడినవి. విధి అని చెప్పిన చట్టము పుస్తకములో అట్లే ఉండెను, తలుపులు మాత్రము మూతపడెను. కొన్ని చోట్ల ఊరివారు ముందుకు వచ్చి, వంతులవారీగ కూర్చుండి, జీతము లేకయే గ్రంథాలయమును నడపుకొనిరి. చట్టము ఆధారమే కాని, ఊరి కన్ను దానిపై లేనిచో అదియు నిలువదని దీనివలన తెలియుచున్నది.

మూడవది, పుస్తకము చదువరిని చేరు త్రోవ. పూర్వము ఐరోపా దేశములలో పుస్తకములను ఇనుపగొలుసులతో బల్లలకు బిగించి ఉంచెడివారు. ఇంగ్లండులోని హెరిఫర్డు దేవాలయమున అట్టి గొలుసుల పుస్తకశాలను నేటికిని చూడవచ్చును. ఆ గొలుసులు పోయిన పిమ్మటను బీరువాలకు తాళములు మిగిలినవి. చదువరి చీటి వ్రాసి ఇచ్చుట, ఉద్యోగి లోపలికి పోయి వెదకి తెచ్చుట. ఇదియే చాలకాలము పద్ధతి. మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారి యస్. ఆర్. రంగనాథను గారు 1924లో ఇంగ్లండుకు పోయి, చదువరులు తమంత తామే అరలవద్దకు పోయి పుస్తకములు తీసికొను తెరపి బీరువాల పద్ధతిని చూచి వచ్చి, దానిని మన దేశమున ప్రచారము చేసిరి. పుస్తకమున్నది వాడుకకే గాని దాచుటకు కాదనునది 1931లో ఆయన ప్రకటించిన అయిదు సూత్రములలో మొదటిదాని భావము.

చదువరి రాలేని చోటికి పుస్తకమే పోవుట మఱియొక పద్ధతి. ఆఫ్రికాలోని కెన్యా దేశమున గారిస్సా ఎడారి సీమలో 1996 మొదలుగా ఒంటెలమీద పుస్తకముల పెట్టెలు కట్టి, పశువుల కాపరుల బిడ్డలకు చేర్చు ఏర్పాటు చేసిరి. నార్వే దేశపు పడమటి తీరమున దీవులలోని పల్లెలకు 1959 మొదలు 2020 వరకు ఓడమీద పుస్తకములు చేర్చిరి. వీనిని విని మనము ఆశ్చర్యపడుదుము. కాని ఆ ఓడకు చాల ఏండ్ల ముందు, 1935లోనే, గుంటూరు జిల్లాలో పాతూరి నాగభూషణము గారు కృష్ణ కాలువపై పెదవడ్లపూడినుండి కొల్లిపర వరకు పడవమీద గ్రంథాలయమును నడపిరి. పడవ ప్రయాణీకులు కూర్చుండి చదువుకొనుటయే గాక, గట్టువెంబడి ఊళ్లవారును పుస్తకములు తీసికొని, పడవ మరల వచ్చినపుడు తిరిగి ఇచ్చెడివారు. మన పెద్దలు ఎవ్వరికిని తీసిపోలేదు.

నాలుగవ ప్రశ్న అన్నిటికంటె కఠినమైనది. తలుపు ఎవ్వరికి తెరచియున్నది? ఇంత చెప్పిన అమెరికాలోనే దక్షిణ రాష్ట్రములందు నల్లవారిని గ్రంథాలయములలో చాలకాలము అడుగు పెట్టనీయలేదు. వారు పన్ను చెల్లింపవలెను, పుస్తకము ముట్టరాదు. 1939లో వర్జీనియా రాష్ట్రమునందలి అలెగ్జాండ్రియాలో అయిదుగురు నల్లజాతి యువకులు గ్రంథాలయములో ప్రవేశించి, పుస్తకములు తీసికొని, బల్లలవద్ద మౌనముగ కూర్చుండి చదువసాగిరి. వారు చేసిన నేరము అదియే. పోలీసులు వచ్చి వారిని పట్టుకొనిపోయిరి. ఇట్టి కథలు విన్నపుడు మన ఊళ్లలో ఎవరెవరు ఎన్ని గడపలు తొక్కలేకపోయిరో మనకును జ్ఞప్తికి రాక మానదు. జపాను దేశము 1950లో చేసిన చట్టము ప్రజాగ్రంథాలయములు ప్రవేశ రుసుము గాని, పుస్తకము వాడినందులకు మూల్యము గాని తీసికొనరాదని నిషేధించినది. ఫిన్లండు దేశము 1928లోనే గ్రంథాలయ చట్టము చేసికొన్నది. స్వాతంత్ర్యము వచ్చి నూరేండ్లు నిండిన గుర్తుగా ఆ దేశపు ముఖ్యపట్టణమున పార్లమెంటు భవనమునకు ఎదురుగా 2018లో వారు తెరచినది గొప్ప గ్రంథాలయమే. అందు పుస్తకములతోపాటు కుట్టుమిషనులును ఉన్నవి. ఎవ్వరైనను పోయి బట్ట కుట్టుకొనవచ్చును.

మా వీధిలో ఒక పెద్దాయన అమెరికాలోనున్న కుమారునివద్ద ఆరు మాసములు ఉండి వచ్చినారు. అచ్చట కారు లేనిదే కదల వీలు లేదట. నడచిపోదగిన దూరమున ఉన్నది గ్రంథాలయమొక్కటియే. ఇంటి చిరునామా చూపు కాగితము తప్ప వారు మఱేమియు అడుగలేదు. డిపాజిట్టు లేదు, సిఫారసు లేదు. మనుమనితో పోయి, చేతులు పట్టునన్ని బొమ్మల పుస్తకములు తెచ్చుకొనెడివారట. "ఊరు కాని ఊరిలో నన్ను ఎవ్వరవని అడుగని చోటు అది యొక్కటే" అని ఆయన చెప్పినారు. ఆ గ్రంథాలయము ధర్మసత్రము కాదు. ఆయన కుమారుడు ఆ ఊరిలో కట్టు పన్నులో దానికి పాలు కలదు.

ఇక మన సంగతి విచారింతము. తెలుగువారు గ్రంథాలయములను రాజాశ్రయముతో మొదలుపెట్టలేదు. హైదరాబాదులో 1901 సెప్టెంబరు 1వ తేదీన రావిచెట్టు రంగారావు గారి ఇంట శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినది. కొమఱ్ఱాజు లక్ష్మణరావు గారును, మునగాల రాజా నాయని వేంకట రంగారావు గారును దానికి అండగా నిలిచిరి. 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయము ఏర్పడినది. నైజాము రాజ్యమున తెలుగునకు బడిలోను, కచేరీలోను చోటు చిక్కని దినములవి. సభ జరుపవలెనన్నను అనుమతి, గ్రంథాలయము పెట్టవలెనన్నను అధికారుల అనుమానము. అట్టి కాలమున ఊరూర నలుగురు చేరి, తలకొక అణా వేసికొని, పత్రికలు తెప్పించుకొని, చదువు వచ్చినవాడు చదువగా రానివారు వినిరి. సర్కారు ఆంధ్రమున అయ్యంకి వేంకటరమణయ్య గారు ప్రభృతులు 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘమును స్థాపించిరి. భారతదేశమున గ్రంథాలయములకై ఏర్పడిన అట్టి సంఘములలో అదియే మొదటిది.

కాని చందాలతో నడచిన గ్రంథాలయములకు ఒక చిక్కు కలదు. ఉత్సాహవంతుడు ఊరు విడిచినను, దాత కాలము చేసినను, వాన కురియక పంట పండకున్నను చందా ఆగును. చందా ఆగిన పత్రిక ఆగును. పత్రిక ఆగిన తలుపు మూతపడును. ఈ కారణముననే మన పెద్దలు చట్టము కావలెనని పోరాడిరి. రంగనాథను గారి కృషివలన మద్రాసు రాష్ట్రమున 1948లోను, హైదరాబాదు రాష్ట్రమున 1955లోను గ్రంథాలయ చట్టములు వచ్చినవి. 1891లో నెలకొల్పబడిన ఆసఫియా గ్రంథాలయము, మూసీ ఒడ్డున అఫ్జల్‌గంజులో నున్నది, ఆ 1955లోనే రాష్ట్ర కేంద్ర గ్రంథాలయమైనది. రెండు ప్రాంతములకును కలిపి 1960లో ఆంధ్రప్రదేశ్ గ్రంథాలయ చట్టము ఏర్పడినది. నేడు రెండు తెలుగు రాష్ట్రములందును నడచుచున్నది ఆ చట్టపు పద్ధతియే.

ఆ పద్ధతి ఎట్టిదో పెద్దలు శ్రద్ధగా వినగోరెదను. మీరు చెల్లించు ఇంటిపన్నులో ప్రతి రూపాయికిని ఎనిమిది పైసలు గ్రంథాలయపు సెస్సుగా అదనముగ వసూలగును. వేయి రూపాయల పన్ను కట్టువాడు ఎనుబది రూపాయలు గ్రంథాలయమునకు ఇచ్చుచున్నాడన్నమాట. పంచాయతియో, మునిసిపాలిటీయో ఆ సొమ్మును వసూలుచేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు పంపవలెను. జిల్లా సంస్థ దానితో శాఖా గ్రంథాలయములను నడపవలెను, పుస్తకములు కొనవలెను, చిన్న ఊళ్లలో పుస్తక నిక్షిప్త కేంద్రములను ఏర్పరుపవలెను. ఒక ఊరిలో అయిదు వందల ఇండ్లు కలవనియు, ఇంటికి ఆరు వందల రూపాయల పన్ను అనియు అనుకొందము. ఏడాదికి మూడు లక్షల పన్ను, దానిపై ఇరువదినాలుగు వేల రూపాయల సెస్సు తేలును. నాలుగు దినపత్రికలకును, నూరు మంచి పుస్తకములకును ఆ ధనము చాలును. ఐతే వసూలైన సెస్సు సకాలమున గ్రంథాలయ సంస్థలకు చేరుట లేదని పత్రికలలో తరచు చదువుచున్నాము. ఇంగ్లండు వారు ఏండ్ల తరబడి వాదులాడి సంపాదించుకొన్న పెన్నీ పన్నువంటిది మనకును కలదు. ఉన్నదని ఎరుగనివారే మనలో ఎక్కువ.

ఎరుగకపోవుటవలన కలుగు నష్టమును నేను ప్రతిదినము కన్నులార చూచుచున్నాను. నేను నివసించునది హైదరాబాదు నగరములో బల్కంపేట. ఆషాఢమాసమున ఎల్లమ్మతల్లి కల్యాణమునకు మీలో పలువురు వచ్చియే యుందురు. ఆ గుడికి కూతవేటు దూరమున అమీరుపేట కలదు. కంప్యూటరు విద్యకును, ఉద్యోగ పరీక్షల శిక్షణకును తెలుగు జిల్లాలన్నింటినుండియు యువకులు వచ్చి అచ్చటి హాస్టళ్లలో దిగుదురు. ఒక గదిలో నలుగురైదుగురు ఉందురు. మంచముపై కూర్చుండి చదువుటకును చోటు చాలదు. అందుచే వీధివీధిని రీడింగు రూములను పేర అద్దెగదులు వెలసినవి. నెలకు ఇంత యని సొమ్ము చెల్లించిన యెడల ఒక కుర్చీ, ఒక బల్ల, ఒక దీపము లభించును. పుస్తకము మాత్రము చదువువాడే తెచ్చుకొనవలెను. చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయమునకు పోయి చూచిన యెడల, కుర్చీలన్నియు నిండి, కొందరు ఆవరణలోని చెట్లనీడన కూర్చుండి చదువుట కాననగును.

ఈ పిల్లలు ఎవరు? మీ పిల్లలే. ఊరిలో తండ్రి రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయమునకు చెల్లించుచునే యున్నాడు. పట్టణములో కొడుకు కుర్చీకి మరల అద్దె కట్టుచున్నాడు. ఒకే కుటుంబము ఒకే వస్తువునకు రెండుమారులు వెలయిచ్చి, ఒక్కమారైనను దానిని సొంతము చేసికొనలేకున్నది. ఆడపిల్లల మాట చెప్పనేల! పట్టణమునకు పంప వెరచిన తలిదండ్రుల బిడ్డకు ఊరిలోని గ్రంథాలయమే దిక్కు. అది మూసియున్నచో ఆమె చదువునకు అదియే పొలిమేర.

నేటి కాలమున టెలిఫోనులోనే పుస్తకములన్నియు దొరకుచుండగా ఈ ఇండ్లెందులకని కొందరు అడుగుదురు. దొరకుట నిజమే. కాని చల్లని నీడ, నిశ్శబ్దము, ప్రక్కన చదువుచున్న మనుష్యుని చూచి కలుగు పట్టుదల, ఏది చదువదగినదో చెప్పు అనుభవజ్ఞుడు, ఇవి టెలిఫోనులో దొరకవు. ఆ టెలిఫోనును వాడుట నేర్పుటకును నేడు పెక్కు దేశములలో గ్రంథాలయములే పాఠశాలలగుచున్నవి.

కనుక పెద్దలకు నా మనవి మూడు మాటలు. ఈ ఏడు ఇంటిపన్ను రసీదు చేతికి వచ్చినపుడు గ్రంథాలయపు సెస్సు అను పద్దును వెదకి చూడుడు. గ్రామసభలో లేచి నిలిచి, ఆ పద్దు క్రింద ఎంత వసూలైనది, జిల్లా గ్రంథాలయ సంస్థకు ఎంత పంపిరి, తిరిగి మన ఊరికి ఏమి వచ్చినదని అడుగుడు. నోటిమాటగా జవాబు రానిచో, 2005వ సంవత్సరపు సమాచార హక్కు చట్టము క్రింద కాగితముపై అడుగవచ్చును. మూడవది, గ్రంథాలయము ఉన్న ఊరివారు సాయంకాలము ఒక గడియ అచ్చట కూర్చుండుడు. పెద్దలు కూర్చున్న చోటికి పిల్లలు వత్తురు. పెద్దలు కనిపెట్టియున్న చోట ఆడపిల్లలును నిర్భయముగ వత్తురు. గ్రంథాలయము లేని ఊరివారు ఒక గది చూపి, పుస్తక నిక్షిప్త కేంద్రము కావలెనని జిల్లా సంస్థకు వ్రాయుడు.

మనము చందా వేసికొనిన దినములలో గ్రంథాలయము మన ఉదారత. చట్టము వచ్చిన పిమ్మట అది మన హక్కు. అడుగనివాని హక్కు అప్పుపత్రము పోగొట్టుకొన్నవాని బాకీవంటిది. న్యాయము ఉండియు చేతికి రాదు. మీ ఊరి ఎనిమిది పైసలు మీ ఊరి బిడ్డ చేతిలో పుస్తకమై చేరువరకు అడుగుట మానకుడని ప్రార్థించుచు సెలవు తీసికొనుచున్నాను.